అర మనిషి వేసిన కట్ట

కోవిల్‌పట్టి దగ్గర మా ఊరి చెరువుకు మట్టికట్టే దిక్కు. ఏటా వానలకు ముందు ఇంటికొక మగవాడు పార పట్టుకుని వచ్చి, తన ఇంటి పాలికి వచ్చిన పది అడుగుల కట్టను మట్టి పోసి ఎత్తు చేయాలి. అలా చేసిన ఇంటికే నీళ్లలో వంతు. మగవాడు లేని ఇల్లు ఏం చేయాలో మాత్రం ఆ కట్టుబాటు పెట్టిన మహానుభావులకు తోచలేదు.

మా పిన్ని సీనియమ్మాళ్ మొగుడు పోయిన ఏడే ఆయన పార భుజాన వేసుకుని వచ్చింది. పది అడుగులూ ఒక్కతే వేసింది. ఊరి పెద్ద పెరుమాళ్సామి మెచ్చుకున్నాడు, అర వంతు నీళ్లిచ్చాడు. ఆడది అర మనిషట! ఆయన కొడుకు వసంతకుమార్ నాలుగు తట్టలకే నడుం పట్టుకుని ఫోన్ చూసుకుంటాడు, వాడు మాత్రం నిండు మనిషి. నాకు ఒళ్లు మండేది. పిన్ని మిరపతోట సగం పూతలోనే మాడిపోయేది. విరుదునగర్ మండీకి మిగతా సగమే వెళ్లేది. అడిగి అడిగి ఆమె నోరు నొచ్చింది.

ఏడో ఏడు పిన్ని అడగలేదు. ఐదు అడుగులు వేసి, పార కింద పెట్టి కూర్చుంది.

"మిగిలింది ఎవురు ఏస్తారు కోడలా?" అన్నాడు పెరుమాళ్సామి.

"అర మనిసిని గదా మామా. అర కట్ట ఏసినాను."

"ఆ పల్లంలోంచి చెరువు నీళ్లన్నీ పొయ్యేస్తాయి!"

"పోనీ. నాకు పొయ్యేది అర వంతు. మీకు పొయ్యేది నిండు వంతు."

ఇంకొకరి పాలి కట్టకు మట్టి వేస్తే, వేసినవాడి ఇంట మగదిక్కు పోతుందని మావాళ్ల నమ్మకం. అంత మంది మగవాళ్లలో ఒక్కడూ పార ముట్టలేదు. నాకు నవ్వాగలేదు.

మూడో రోజు తూత్తుకుడి వైపు మబ్బు కమ్మింది. ఊరంతా కట్ట మీదికి చేరింది. పెరుమాళ్సామి గొంతు తగ్గించాడు.

"సరే కోడలా, నిండు వంతు తీసుకో. నువ్వు మొగోడివే, ఒప్పుకుంటాను. పార ఎత్తు."

పిన్ని కదల్లేదు. చినుకులు మొదలయ్యాయి.

"మొగోడు వొద్దు మామా. మనిసి అను, చాలు."

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చేదాకా ఆమె పార ఎత్తలేదు.