సబ్‌మెరైన్ సంగతి అమ్మకు చెప్పని శంకరన్న

నిన్న పొద్దున టీ తాగుతుంటే సావిత్రమ్మ వదిన నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

శంకరన్నే అనుకున్నాను. తన ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే వదిన ఫోన్ తీసుకొని చేస్తుంటాడు.

"చెప్పన్నా" అన్నాను.

"మీ అన్న పోయినాడప్పా" అంది వదిన.

"యాడికి వదినా?"

నిజంగానే అడిగాను. అవతల ఆమె ఏడుపు వినబడింది.

అప్పుడు అర్థమైంది.

ఆయన ఎవరో తెలియని మా బంధువుల కోసం రాస్తున్నాను. శంకరన్న ఎమ్మిగనూరు చేనేత ఇంటి బిడ్డ. నేవీలో సబ్‌మెరైన్ల మీద పనిచేసి రిటైరయ్యాడు. నాదీ అదే సర్వీసు, ఆయన కంటే బాగా జూనియర్ని.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల మాలాంటివాళ్లం పదిమంది కూడా లేం. ఆ కొద్దిమందికీ ఒక సంఘం పెట్టింది ఆయనే.

నెలనెలా ఒక జిరాక్స్ కాగితం పంపేవాడు. ఎవరికి ఆపరేషన్ అయింది, ఎవరింట్లో పెళ్లి, ఎవరి పెన్షన్ పేపర్లు ఎక్కడ ఆగిపోయాయి, అన్నీ అందులో ఉండేవి. రాసి ఊరుకునేవాడు కాదు. బస్సెక్కి వాళ్లింటికి పోయి కూర్చునేవాడు.

ఈ వయసులో ఎందుకన్నా ఇంత తిరుగుతావు అని ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పాడు.

పందొమ్మిది వందల యాభైల్లో, మా వైపు కాలువకు తుంగభద్ర నీళ్లు కొత్తగా వదిలిన రోజులవి. ఊరు ఊరంతా చూడ్డానికి పోయింది. శంకరన్న వాళ్లన్న ఈతకని దిగాడు. మళ్లీ పైకి రాలేదు.

శంకరన్నకు అప్పుడు ఎనిమిదేళ్లు. అన్న విప్పి ఇచ్చిన చొక్కా పట్టుకొని గట్టు మీద నిలబడి ఉన్నాడట.

నీళ్ల జోలికి పోనని వాళ్లమ్మ ఆరోజే ఒట్టు వేయించుకుంది.

పెద్దయ్యాక ఆయనే నేవీలో చేరాడు. మగ్గం కూడు పెట్టని రోజులు, వేరే దారి లేదు. స్టోర్ రూమ్‌లో పని, ఒడ్డు మీదే ఉంటానని అమ్మకు చెప్పాడు. ఏళ్ల తరబడి ఉత్తరాల్లో అదే రాశాడు.

లీవులో వచ్చిన ఇంకో నేవీ ఆయన, కొడుకు గురించి గొప్పగా చెబుదామని ఆ తల్లికి మొత్తం చెప్పేశాడు.

ఆ తర్వాత శంకరన్న ఇంటికి వచ్చినప్పుడు ఆమె మగ్గం ముందు నుంచి లేవకుండానే అడిగింది.

"నిజం సెప్పురా. నీ పని నీళ్ల మీదనా, కిందనా?"

"కిందమ్మా."

లీవు అయిపోయేదాకా ఆమె మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పక్కకు పోయేది. ఆయన బస్టాండుకు బయల్దేరుతుంటే మాత్రం గడప దగ్గరకు వచ్చి అన్నది.

"సెప్పి పోయింటే దేవునికి మొక్కుకుంటాంటి కదరా. నువ్వు నీళ్ల కింద ఉన్న దినాల్లో నేను ఈడ నవ్వుకుంటా తిరిగినాను."

ఆ మాట నాకు చెప్పేటప్పుడు శంకరన్న నా ముఖం చూడలేదు.

అందుకే ఇంట్లోవాళ్లకు అన్నీ తెలుస్తున్నాయో లేదో చూడ్డానికి ఇల్లిల్లూ తిరిగేవాడు. సంఘంలో ఆయన పెట్టిన రూల్ కూడా ఒక్కటే. ఇంట్లోవాళ్ల దగ్గర ఏదీ దాచకూడదు.

ఆ రూల్ వల్లే ప్రభుదాసుతో చెడింది.

ప్రభుదాసు మా సంఘంలో కోడుమూరు మెంబర్. గొంతు క్యాన్సర్ అని తేలింది. భార్య మార్తమ్మకు చెప్పొద్దని శంకరన్నను బతిమాలాడు.

"వారం టైమిస్తాండా. నువ్వే సెప్పు. సెప్పకుంటే నేను సెప్తా" అన్నాడు శంకరన్న.

ప్రభుదాసు చెప్పలేదు. వారం కాగానే ఈయన పోయి చెప్పేశాడు.

మేమంతా తప్పన్నాం. ఒకరి రోగం బయటపెట్టడానికి మనమెవరం అని నేనైతే సంఘం వాట్సాప్ గ్రూపులోనే రాశాను. ప్రభుదాసు తన గడప తొక్కొద్దన్నాడు.

అయినా శంకరన్న నెలనెలా కోడుమూరు పోయేవాడు. బస్టాండ్ పక్కన టీ కొట్టులో కూర్చుంటే మార్తమ్మ వచ్చి, మొగునికి ఎలా ఉందో రెండు మాటల్లో చెప్పి, గబగబా వెళ్లిపోయేది.

ప్రభుదాసు పోయేదాకా ఇద్దరికీ మాటల్లేవు. అది శంకరన్నను లోపల తినేసింది.

"నేను తప్పు సేసినానేమో రా" అని నాతో రెండు మూడుసార్లు అన్నాడు.

నేను ఔననలేదు. కాదనలేదు.

నిన్న నేను శంకరన్న ఇంట్లో ఉండగా మార్తమ్మ వచ్చింది. శంకరన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

"నువ్వు సెప్పకపోయింటే, అన్నం సరింగ తినవని ఆయప్పతో దినామూ కొట్లాడుతానే ఉంటాంటి అన్నా. నువ్వు సెప్పినాక ఒక్క దినం గూడా తిట్టల్యాదు."

ఈ మాట శంకరన్నతో ఎప్పుడైనా అన్నావా అని అడిగాను. మొగునికి తెలుస్తుందేమోనన్న భయంతో టీ కొట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయిందట. మొగుడు పోయాక, శంకరన్నకు తెలిసే ఉంటుందిలే అనుకుందట.

తెలియదు మార్తమ్మా. ఆయనకు తెలియదు.

అందరూ వెళ్లిపోయాక వదిన ఇంకో సంగతి చెప్పింది. గుండె బాగాలేదని ఆయనకు ఆరు నెలలుగా తెలుసు. డాక్టర్ దగ్గర నుంచి వచ్చిన రోజే ఆమెకు చెప్పాడు.

"మరి మాకెందుకు చెప్పలేదు వదినా?"

"మీరు అడగల్యాదు గదప్పా."

కోపంగా అనలేదు. మామూలుగానే అన్నది.

ఇంటికి వచ్చి ఫోన్‌లో ఆయన మెసేజ్‌లన్నీ వెనక్కి జరుపుకుంటూ చూశాను. షుగర్ ఎంతుంది, మనవరాలికి జ్వరం తగ్గిందా, కంటి ఆపరేషన్ ఎప్పుడు. అన్నిటికీ జవాబులిచ్చాను. అన్నీ నా గురించే. ఒక్కచోట కూడా "నీకెట్లుందన్నా" అని లేదు.

శంకరన్నా, ప్రభుదాసు విషయంలో నువ్వు తప్పు చేయలేదు. నువ్వు అడిగినప్పుడే నేను ఈ మాట చెప్పాల్సింది.

పోయిరా అన్నా. నీ మనసు నిమ్మళపడాలి.