యాదగిరి మామ వద్దన్న రోజు

మొన్న చర్లపల్లిలో ఓ షెడ్డు పక్కగా నడుస్తుంటే ఎండకు కాగిన గ్రీజు వాసన తగిలి కాళ్ళు ఆగిపోయాయి. యాదగిరి మామ చొక్కాకు ఎప్పుడూ అదే వాసన ఉండేది. నాచారంలో మేము పనిచేసిన ట్రాన్స్‌ఫార్మర్ల ఫ్యాక్టరీలో ఆయన ట్రాక్టర్ డ్రైవరు. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడినవాడు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఫ్యాక్టరీ అంతా ఆయనను మామ అనే పిలిచేది. నేను మాత్రం మొదటి ఏడాదంతా పేరు పెట్టే పిలిచాను. రామంతాపూర్ నుంచి స్కూటీ మీద వచ్చే ఇరవై ఆరేళ్ళ డిస్పాచ్ ఇంజనీరును. సరుకును టైముకు గేటు దాటించడమే నా ఉద్యోగం అనుకునేదాన్ని.

ట్రాలీ తగిలించడంలో మామ పద్ధతి నాకు విసుగు పుట్టించేది. ట్రాక్టరు వెనక హుక్కులో ట్రాలీ కడియాన్ని కూర్చి, పిన్ను దించి, అది పైకి ఎగరకుండా కింద చిన్న లాకు పెట్టి, చేత్తో లాగి చూసేవాడు. తరువాత రెండు గొలుసులను ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటించి కట్టేవాడు. "పిన్ను ఇరిగినా ట్రాలీ మూతి రోడ్డు మీద పడొద్దు మేడం, గొలుసుల మీద పడాలె," అని ఒకసారి చెప్పాడు. నేను గడియారం చూసుకుంటూ తల ఊపాను.

ఆ రోజు పొద్దున ఆరు టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ ట్రాలీ మీదికి ఎక్కింది. చర్లపల్లిలో దాన్ని దించే క్రేను పదకొండు వరకే మాకు దొరుకుతుంది. తీరా చూస్తే పిన్ను లేదు. ఎవరో వేరే ట్రాలీకి పట్టుకుపోయారు. స్టోర్స్‌లో దానికన్నా సన్నని బోల్టు ఒకటి దొరికింది.

"ఈ పూటకి ఇది పెట్టండి," అన్నాను.

మామ దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. "ఇది పెట్టి నేను బండి తియ్య మేడం."

"మీరు తీయకపోతే ఇంకొకరు తీస్తారు."

ఆయన బోల్టు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. తరువాత తాళంచెవి నా టేబుల్ మీద పెట్టాడు. నేను శ్రీనును పిలిచాను. కొత్తగా చేరిన డ్రైవరు, కాదనలేకపోయాడు. అతను బోల్టు బిగిస్తుంటే మామ ట్రాలీ కిందికి వంగి గొలుసులు రెండూ తనే కట్టాడు. "జర మెల్లగ పో కొడుకా," అని శ్రీనుతో చెప్పి, సైకిలు తీసుకుని గేటు దాటాడు. అలిగి ఇంటికి పోయాడనుకున్నాను.

క్రేను దగ్గర సంతకాలు నావే కనుక స్కూటీ మీద ట్రాలీ వెనకే బయలుదేరాను. దారిలో ఓ బ్రిడ్జి ఎక్కుతుండగా టప్పుమని బోల్టు విరిగిన చప్పుడైంది. ట్రాలీ ఒక్క జానెడు నా వైపు జారింది. నా పక్కనే షేర్ ఆటో, అందులో టిఫిన్ బాక్సులతో పనికి పోతున్న ఆడవాళ్ళు. వెనక్కి జరగడానికి ఎవరికీ చోటు లేదు. గొలుసులు బిగుసుకుని కీచుమన్నాయి. ట్రాలీ ఆగింది. ఆటో డ్రైవరు దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు.

కాసేపటికి మామ రొప్పుతూ సైకిలు మీద వచ్చాడు. ఇంటికి పోలేదు. ఉప్పల్ వెళ్ళి సరైన కొలత పిన్ను కొని, మమ్మల్ని దారిలోనే ఆపి మార్చాలని వెనకే వచ్చాడు. ట్రాలీని చూడకముందే నా దగ్గరికి వచ్చాడు.

"ముందుగాల కూసో బిడ్డా. నీళ్ళు తాగు."

అప్పటిదాకా ఆయనకు నేను మేడంని.

జాకీతో ట్రాలీ మూతి లేపి, పిన్ను దించి, లాకు పెట్టాక నన్ను పిలిచాడు. "నువ్వే పట్టి సూడు," అన్నాడు. లాగి చూశాను. కదల్లేదు.

మధ్యాహ్నం మేనేజరు శ్రీనును నిలబెట్టి, బోల్టుతో ఎలా తీశావని అడిగారు. మామ అక్కడే ఉన్నాడు, నా వైపు చూడనైనా చూడలేదు. "పెట్టమన్నది నేను సార్. యాదగిరి వద్దన్నా వినలేదు," అన్నాను. నాకు మెమో ఇచ్చారు. మూడు నెలలు డిస్పాచ్ నుంచి తప్పించి ఫైళ్ళ దగ్గర కూర్చోబెట్టారు.

సాయంత్రం మామ రెండు టీ గ్లాసులతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నా మీద కోపమా మామా?" అన్నాను. ఆ పిలుపు నా నోట రావడం అదే మొదలు.

"కోపం లేదు బిడ్డా. తియ్య అన్నప్పుడు ఎందుకని అడుగుతవేమోనని జరసేపు నిలబడ్డ. నువ్వు అడగకపోతివి. గదొక్కటే బాధైంది."

రాష్ట్రం వచ్చిన ఏడాది ఆయన రిటైరై ఊరికి పోయాడు. ఇప్పుడు లేడు. నా కింద నలభై మంది పనిచేస్తున్నారు. పోయిన నెల ఓ వెల్డరు పని మధ్యలో లేచి, చెయ్యనన్నాడు. బయట లారీ హారను మోగుతూనే ఉంది. నేను స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను. ఎందుకని అడిగి, అతను చెప్పేదాకా ఆగాను.