మోటారు దగ్గర మా సారు

మా సారు పోయారు. ఆళ్లగడ్డ నుంచి సారు భార్య ఫోన్ చేసి, "పాపా, మీ సారు పోయినాడమ్మా" అన్నారు. "ఏ సారు?" అని అడిగాను, పిచ్చిదానిలా. కాలేజీలో నాకు పాఠాలు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళెవరినీ తక్కువ చేయను. కానీ ఆ రోజు నంద్యాలలో బస్సెక్కి, శిరివెళ్ల దాటినా కిటికీ వైపు తిప్పిన ముఖం ఇటు తిప్పలేకపోయాను. నాకు సారంటే ఆయనే.

కొలిమిగుండ్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన ఎలక్ట్రికల్ విభాగానికి పెద్ద. చదువు అయిపోగానే నేను ఆయన కింద చేరాను. వాళ్ళది అంగడి కుటుంబం. అన్నదమ్ములంతా ధాన్యం, బెల్లం వ్యాపారంలో స్థిరపడితే ఈయనొక్కరే కరెంటు వెంట పడ్డారు. జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలుండేవి. తినేది తక్కువ, పంచేది ఎక్కువ. ఏ మిషను దగ్గరికి వెళ్ళినా ముందు రుమాలు తీసి దాని వివరాలు చెక్కి కొట్టిన రేకు తుడిచి, చదివి, ఆ తర్వాతే నోరు తెరిచేవారు. ఆ రుమాళ్ళు ఉతకలేక ఇంట్లో ఆవిడ తిట్టిపోసేవారు. "సార్, ఆ రేకు నిన్న కూడా ఇదే చెప్పింది కదా" అని నేను ఆటపట్టిస్తే, "నిన్న నేను సరిగ్గా ఇన్న్యానో ల్యాదో" అనేవారు.

ఆయన నేర్పింది ఏమిటో చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. కాస్త ఓపిక పట్టండి. పెద్ద మోటార్లకు కరెంటిచ్చే మా ట్రాన్స్‌ఫార్మర్‌ను నేరుగా భూమికి కలపరు, మధ్యలో ఒక రెసిస్టర్ పెడతారు. ఎక్కడైనా తీగ దెబ్బతిని కరెంటు మోటారు ఒంటికి కారితే, ఆ కారేది ఎక్కువ కాకుండా రెసిస్టర్ పట్టి ఉంచుతుంది. మోటారు కాలిపోదు. చిక్కల్లా ఏమిటంటే, కారేది తక్కువ కాబట్టి కనిపెట్టడం కష్టం. కనిపెట్టి కరెంటు ఆపాల్సింది రిలే. ఆ రిలేకు కన్ను, తీగలో పోయే కరెంటును కొలిచే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని మేము సీటీ అంటాం.

నేను చేరిన కొత్తలో, సున్నపురాయిని పగలగొట్టే క్రషర్ మోటారుకు ఒక డ్రాయింగ్ వచ్చింది. మూడు తీగలకూ మూడు పెద్ద సీటీలు పెట్టి, వాటి లెక్క కలిపి లీకును పట్టుకోవాలని అందులో ఉంది. సారు నన్ను పిలిచారు.

"ఏం పాపా, మా అంగట్లో బస్తాలు తూచే కాటా ఉండాది. దాని మీద నీ ముక్కుపుడక పెడితే ముల్లు కదుల్తాదా?"

"కదలదు సార్. అయితే రిలేను ఇంకా సున్నితంగా పెడదాం."

"పెట్టు. మోటారు స్టార్టయ్యేటప్పుడు మూడు కాటాలూ మూడు రకాలుగా అబద్ధం చెప్తాయి. లీకు ల్యాకున్నా ట్రిప్ అవుతాది. నాలుగు తూర్లు చూసి ఎవడో ఒకడు యిసుక్కొని రిలేను పీకి పడేస్తాడు. అప్పుడేం జేస్తావ్?"

ఆయన పెద్ద సీటీలను లీకు పని నుంచి తప్పించి, మూడు తీగలూ కలిసి దూరిపోయే ఒక్క రింగు సీటీ తెప్పించారు. "మూడిట్లో పోయింది మూడిట్లోనే తిరిగి రావల్ల. రాల్యాదంటే యాడనో కారతాంది. అది మనిషి గుండా కారతాండొచ్చు" అన్నారు. ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు మారింది. క్రషర్ దగ్గర పనిచేసే వాళ్ళందరినీ ఆయన పేరు పెట్టి పిలిచేవారు మరి.

రింగు బిగించారు. దాని గుండా కొంచెం కరెంటు పంపి చూస్తే రిలే టక్కున పనిచేసింది. ప్రొడక్షన్ వాళ్ళు "బేగా ఇయ్యండప్పా" అని నెత్తిన కూర్చున్నారు. సారు మాత్రం మోకాళ్ళ నొప్పితోనే స్విచ్చులుండే ప్యానెల్ కింద గొంతుక్కూర్చుని టార్చి వేశారు. మూడు తీగలూ ఉండే కేబుల్ మీద ఇనుప కవచం ఒకటి ఉంటుంది. అది రింగులోంచి పైకి వస్తోంది. దాని ఎర్తు తీగను ఫిట్టర్లు నేరుగా తీసుకెళ్ళి ఎర్తుకు కట్టేశారు.

"ఎంత ముచ్చటగా కట్టినార్రా నాయనా. ఇప్పండి."

"ఏంది సార్, టెస్టు పాసయింది కదా!" అన్నాడు పెద్ద ఫిట్టరన్న.

"టెస్టు చేసింది ఈడ. కారేది ఆడ, మోటారు కాడ. ఆడ కారింది ఈ కవచంలోనే ఎనక్కొస్తాది. పోయేదీ వచ్చేదీ రెండూ ఇదే రింగులో ఉంటే దానికి ఏం కనపడతాది? ఈ తీగను మళ్ళా రింగులోంచి కిందికి తెచ్చి, అప్పుడు ఎర్తుకు కట్టు. పైకొచ్చింది మళ్ళా కిందికి పోతే దాని లెక్క కొట్టుకపోతాది, పోయేదొక్కటే రింగుకు కనపడతాది."

ఫిట్టరన్న ముఖం మాడ్చుకునే కట్టాడు. సారు అతని చేతిలో గుప్పెడు శనక్కాయలు పోశారు. ఆ తర్వాత మా దగ్గర అదొక ఆచారమైపోయింది. ఏ ప్యానెల్ కట్టినా తీగ రింగులోంచి తిరగాల్సిందే.

సారు రిటైరయ్యాక కూడా నాకు ఏ అనుమానమొచ్చినా ఆయనకే ఫోన్. ముందు తిట్లు, తర్వాత జవాబు. ఇప్పుడు ఆ తిట్ల కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

ఆయన పోయాక వచ్చిన మొదటి పని, క్రషర్‌కు ఇంకో కొత్త మోటారు. ప్యానెల్ వేరే రకం. ఇందులో కేబుల్ కవచం రింగు కిందనే ఆగిపోతుంది, రింగులోకి రానే రాదు. అయినా మా ఫిట్టరన్న దాని ఎర్తు తీగను రింగులోంచి పైకి దూర్చి కట్టాడు. అంటే కవచంలో తిరిగొచ్చే లీకును మనమే తీసుకొచ్చి రింగులో పోసినట్టు. రింగు మళ్ళీ గుడ్డిదైంది.

"అన్నా, విప్పు. ఈసారి తీగ రింగులోకి పోకూడదు."

"సారు నేర్పించిందే కదా మేడమ్! ఆయప్ప పోయి ఇంకా నెల గాల్యా, అప్పుడే మారుస్తారా?" అతని కళ్ళలో నీళ్ళు.

నాకు మాత్రం లేవా? ఫోన్ చేతిలో ఉంది. ఒక్క మాట, "అవును పాపా, ఇప్పించు" అంటే చాలు. అడగడానికి మనిషి లేడు. తప్పు చెబితే క్రషర్ దగ్గరి వాళ్ళ ప్రాణాలు నా మెడకు. గొంతుక్కూర్చుని కేబుల్‌ను వేలితో కిందినుంచి పైదాకా తడిమి చూసుకున్నాను. "విప్పన్నా. సారున్నా ఇదే చెప్తారు" అన్నాను. అతను విప్పి, నేరుగా ఎర్తుకు కట్టాడు.

కొత్త మోటారు ఆన్ చేసే రోజున, రిటైరయ్యాక కూడా సారు వచ్చేవారు. ఎప్పుడూ నేను ప్యానెల్ దగ్గర, సారు మోటారు దగ్గర ఉండేవాళ్ళం. ఆయన ఫోన్‌లో "ఆన్ చెయ్ పాపా" అంటే నేను స్విచ్ తిప్పేదాన్ని. ఈసారి ఫోన్‌లో క్రషర్ ఆపరేటర్ ఉన్నాడు.

"మేడమ్, ఈడికి ఎవరొస్తాండారు?"

"ఎవరూ రారన్నా. ఎందుకు?"

"అట్ల కాదు మేడమ్. సారైతే మమ్మల్నందర్నీ అవతలికి పంపించి, తానొక్కడే మోటారు మీద చెయ్యి పెట్టుకొని నిలబడేటోడు. అట్ల నిలబడుకొనే మీకు ఫోన్ జేసేటోడు. మీకు తెల్దా?"

నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు మహానుభావుడు. నేను స్విచ్ తిప్పిన ప్రతిసారీ ఆయన చెయ్యి ఆ మోటారు మీదే ఉంది.

స్విచ్ ఫిట్టరన్నకు అప్పజెప్పి క్రషర్ దగ్గరికి నడిచాను. అందరినీ దూరంగా పొమ్మన్నాను. సున్నపురాయి దుమ్ము పట్టిన ఇనుము మీద అరచెయ్యి ఆనించి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఆన్ చెయ్ అన్నా."

చేతి కింద మోటారు ఒక్కసారి అదిరి, తిరగడం మొదలుపెట్టింది.