అభ్రకం గుంతలో చలి

మే రెండో వారం. ఉదయం ఆరున్నరకు మా బండి గూడూరు దాటి, మూతపడిన అభ్రకం గని దగ్గర ఆగింది. సైన్యంలో నీటి అడుగున పనిచేసే డైవర్లం నలుగురం. ముందురోజు గాలివానకు గట్టు కూలి, ట్రాక్టరు గని నీళ్లగుంతలో పడింది. నడిపే మనిషి పైకి రాలేదు. లోతు ఇరవై ఆరు మీటర్లు.

అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. నాది వడమాలపేట, ఈ ఎండ నాకు కొత్త కాదు. మందపు రబ్బరు సూటు బండిలోనే వదిలి పల్చటిది తొడుక్కున్నాను.

మా సుబేదారుది చిత్తూరు. "పై నీళ్లు సూసి మోసపోవద్దప్పా. అడుగున సలి ఉంటాది," అన్నాడు.

"మే నెల్లో సలా సార్?" అని నవ్వాను.

మణికట్టు మీటరు పై నీళ్లలో ముప్పై ఒక్క డిగ్రీలు చూపింది, అడుగున ఇరవై మూడు. వినడానికి అది చలే కాదు. కానీ నీళ్లు ఒంట్లో వేడిని గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి. అందుకే మేం అంకెనొక్కటే నమ్మం, చేతిని చూస్తాం. బొటనవేలు చిటికెనవేలిని తాకాలి. తాకకపోతే పైకి రావాలి.

రెండు మునకల్లో బురద తప్ప ఏమీ దొరకలేదు, ఒంట్లో వేడి మాత్రం తరిగిపోతూ వచ్చింది. మూడోసారి మధ్యాహ్నం రెండుంబావుకు దిగాను. పద్దెనిమిదో నిమిషంలో చక్రం చేతికి తగిలింది. తర్వాత సీటు. తర్వాత చొక్కా. కాలు ఇరుక్కుని ఉంది. కత్తి పట్టుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. బొటనవేలు చిటికెనవేలిని అందుకోలేదు.

మాస్కు ఫోన్లో సుబేదారు గొంతు. "నీ ఊరు సెప్పు." చలికి మాట తడబడుతోందేమో చూసే ప్రశ్న అది.

"వడ... వడ..." నోరు తిరగలేదు.

"పైకి రా!"

"మనిషి... దొరికినాడు సార్. ఒక్క నిమిషం."

"ఆయన యాడికీ పోడు. నువ్వు రా!"

పైన నా తాడు పట్టుకున్నతను నన్ను నెమ్మదిగా లాగాడు. గట్టు మీద, నిప్పులాంటి ఎండలో, రెండు కంబళ్ల కింద వణికాను. పోయినాయన వాళ్లన్న నా పక్కన కూర్చుని, నా చేతులు తన అరచేతుల్లో రుద్దాడు. "మావోడుండే కాడ ఇంత సల్లగా ఉండాదా అబ్బా?" అని అడిగాడు. పళ్లు కొట్టుకుంటూ తలూపాను.

నాలుగింటికి రెండో డైవరు మందపు సూటుతో దిగి అతణ్ణి పైకి తెచ్చాడు. మర్నాడు యూనిట్‌కి తిరిగి వెళ్లిపోయాం.

రిపోర్టులో 'టార్చి ఒకటి పోయింది' అని మాత్రమే రాశాను. ఆ మూడో మునకలో పైకి వస్తుంటే మొద్దుబారిన వేళ్లలోంచి అది జారింది. కింద పడిపోతూ గుంత గోడలను వెలిగించింది. అభ్రకం పొర తర్వాత పొర, లక్ష రేకులు ఒక్కసారి మెరిశాయి. చలి మరిచిపోయాను. దీపం అడుగుకు చేరి ఆ మనిషి పక్కనే ఆగింది. చుట్టూ గోడలన్నీ అతని కోసమే వెలుగుతున్నట్టు ఉన్నాయి.