అవ్వ రొట్టెలు, నా ఇరవై నిమిషాలు

తత్వశాస్త్రంలో ఎమ్మే పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో నాకు గడియారమంటే భలే చులకన. కాలం గోడమీద లేదు, మన ఎరుకలోనే ఉందని పుస్తకాల్లో చదివాక చేతి గడియారం విప్పి బీరువాలో పడేశాను. (బస్సులు తప్పాయి, అది వేరే సంగతి.) రాయచూరులో మా వీధి మొత్తానికి అంతటి జ్ఞానిని నేనొక్కదాన్నేనని గట్టి నమ్మకం. అబద్ధమెందుకు, ఆ గర్వం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అప్పుడే ముదగల్‌లో ఒక కాలేజీవాళ్లు లెక్చరర్ ఉద్యోగానికి రమ్మన్నారు. పరీక్ష ఒకటే: నచ్చిన విషయం మీద ఇరవై నిమిషాలు పాఠం చెప్పి, గంట కొట్టేలోగా ముగించాలి. ఇంట్లోవాళ్లు బీఎడ్ చేయమని అప్పటికే వెంటపడుతున్నారు. ఈ ఉద్యోగం రాకపోతే నా తత్వశాస్త్రానికి నూకలు చెల్లినట్టే. సాధన చేద్దామంటే గడియారం ముట్టనని ఒట్టు. అయితే మా అవ్వ ఉంది. ఆమె కాలాన్ని జొన్నరొట్టెలతో కొలిచేది. నల్లా నీళ్లు ఆరు రొట్టెలసేపు వచ్చాయి, పక్కింటావిడ మూడు రొట్టెలసేపు మాట్లాడి పోయింది, ఇలా. తట్టి, పెనం మీద కాల్చి తీసేసరికి రొట్టెకు రెండు నిమిషాలు. ఏనాడూ తేడా రాదు. పది రొట్టెలంటే నా ఇరవై నిమిషాలన్నమాట.

పొయ్యి పక్కన పీట వేసుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. (జ్ఞానులు కళ్లు మూసుకునే మాట్లాడాలని అప్పటి నా అభిప్రాయం.) ‘ఇప్పుడు’ అనేది ఒక చుక్క కాదు, పాట వింటుంటే పోయిన స్వరం ఇంకా చెవిలోనే ఉంటుంది, రాబోయేదాని కోసం మనసు ముందే ఎదురుచూస్తుంది, ఇవన్నీ కలిస్తేనే ‘ఇప్పుడు’ అవుతుందని దంచాను. నడుమ అవ్వ ఒక్క మాట అడిగింది.

“మీ తాత దగ్గు నాకింకా ఇనబడ్తదే. గది పోయినదా, గిప్పటిదా?”

అది సిలబస్‌లో లేదని చెప్పి ముందుకు సాగాను. ముగించి కళ్లు తెరిస్తే బుట్టలో సరిగ్గా పది రొట్టెలు. రెండు మాడాయి. అవ్వకు చూపు తగ్గిందనుకుని, చూసుకోవద్దా అని కసిరాను కూడా.

ముదగల్‌లో గంట కొట్టేసరికి నేనింకా సగం పాఠంలోనే ఉన్నాను. ప్రిన్సిపాల్‌గారు ఆ కన్నడ ఊరికి కోస్తాలో వరి పండించే కాలువల వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి. “అదేంటమ్మా, ఇంటిదగ్గర టైం చూసుకోలేదా?” అని తెలుగులోనే అడిగారు. చూసుకున్నానండీ అంటూ రొట్టెల సంగతి ఎత్తుకున్నాను. మాడినవాటి దగ్గరికొచ్చేసరికి నోరు ఆగిపోయింది. అవ్వకు చూపు తగ్గలేదు. చేతిలో పిండిముద్ద అలాగే పెట్టుకుని, పెనం మరిచిపోయి, నా మాటలు వింటూ కూర్చుంది. ఆ పది రొట్టెలకు నలభై నిమిషాలు పట్టాయి. ఆ సంగతి ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. అదే పైకి చెప్పేశాను. ఆయన పెన్నుకు మూత పెట్టారు.

“పాఠం పూర్తయినట్టేనమ్మా. సోమవారం నుంచి వచ్చేయండి.”

ఇప్పుడు ఫోన్‌లో అలారం పెట్టుకుని నిమిషం తేడా లేకుండా ముగిస్తాను. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు, బాగా పాసవుతారు, అందుకు నాకు గర్వమే. కానీ నా పాఠం వింటూ చేతిలో పని మరిచిపోయిన మనిషి ఇన్నేళ్లలో ఒక్క మా అవ్వే. ఆమె పోయి చాలా ఏళ్లయింది, రొట్టె తట్టే చప్పుడు మాత్రం నాకింకా వినబడుతుంది. ఆ మాడిన రెండింటినీ ఆ రోజు పళ్లెంలో పక్కకు నెట్టేసిన మహాజ్ఞానిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే ముందు అవే తినేదాన్ని.