గేటుదాకా వచ్చే తెరడాక్టరు

తెరడాక్టరుకు ఒకటే పిచ్చి. తన దగ్గరికొచ్చిన మనిషిని గేటుదాకా సాగనంపందే ఆయనకు ముద్ద దిగదు. కాళ్ళతో తిరిగే డాక్టర్లే కుర్చీ వదలరు. ఈయన చూస్తేనా, ఎక్కడో దూరాన కూర్చుని, ఈ చిన్న ఆసుపత్రి మూలగదిలో, బల్లమీది ట్యాబులో కనబడే మనసు డాక్టరు. భుజాల కింద ఆయనకేముందో చూసినవాళ్ళు లేరు. అందుకని ఆయా పెద్దమ్మ ఆ ట్యాబును చంటిబిడ్డలా ఎత్తుకుని పేషెంటు వెనకాలే నడవాలి.

ఈ విషయంలో మేనేజరుకూ ఆయనకూ జరిగిన తగాదా పెద్దమ్మ కళ్ళారా చూసింది.

"ట్యాబు బల్ల దాటకూడదు సార్. కిందపడితే నా పీకకు చుట్టుకుంటుంది," అన్నాడు మేనేజరు.

"మీ ఇంటికి చుట్టమొస్తే మంచంమీంచే పొమ్మంటారా?"

"వీళ్ళు చుట్టాలు కాదు సార్, పేషెంట్లు."

"చుట్టం అలిగినా మళ్ళీ వస్తాడు. వీళ్ళు అలిగితే రారండీ."

"అదంతా నాకు తెలీదు. బల్ల దాటడానికి వీల్లేదు."

"దాటను. మాటిస్తున్నా," అన్నాడు తెరడాక్టరు, ఏమీ ఎరగని పిల్లిలా.

మర్నాడు పేషెంటు లేవగానే ఇద్దరు వార్డుబాయిలు బల్లనే ఎత్తారు. ముందు పేషెంటు, వెనక బల్ల, బల్లమీద చేయి ఊపుతూ డాక్టరు, ఆ వెనక నవ్వాపుకోలేక పెద్దమ్మ. మందుల కిటికీ దగ్గరున్న జనం లేచి దారిచ్చారు. ఒక ముసలాయనైతే దండం కూడా పెట్టాడు. తీరా చూస్తే బల్ల వాకిట్లో అడ్డంగా ఇరుక్కుంది, మేనేజరు లోపలే ఉండిపోయాడు.

"బల్ల వదిలెయ్యండి మహాప్రభో, ట్యాబే పట్టుకుపొండి!" అని లోపల్నుంచి కేక పెట్టాడు.

గెలిచింది డాక్టరు, మోత పెద్దమ్మకు.

"పెద్దమ్మగారూ, మీ బొటనవేలు నా కళ్ళమీదుంది."

"ఉండనివ్వండి. మెట్లు దిగుతున్నా. మీరు పడితే పగులుతారు, నేను పడితే విరుగుతా."

మెట్ల దగ్గర సిగ్నలు పోయేది. ఆవలిస్తూ ఆవలిస్తూ బిగుసుకుపోయిన డాక్టరును ఆమె అలాగే మోసుకుపోయేది. గేటు దగ్గర మళ్ళీ ప్రాణమొచ్చి, "ఎవరండీ అది?" అనేవాడు. ఎదురుగా వీధికుక్క. దానికీ నమస్కారం పెట్టేవాడు.

ఒకరోజు దర్జీ వచ్చాడు. భార్య పోయిన దగ్గర్నుంచి అన్న బలవంతంమీద వస్తున్న మనిషి. గదిలో ఎప్పుడూ అదే పాట: "బాగానే ఉన్నా సార్. తింటున్నా. పడుకుంటున్నా." ఆ రోజూ అంతే. లేచాడు. వెనకాలే పెద్దమ్మ, చేతిలో డాక్టరు. గేటు గడియమీద చెయ్యేసి, ఇటు తిరక్కుండానే అన్నాడు దర్జీ:

"కొట్టు తాళం తియ్యబుద్ధి కావట్లేదు సార్. పొద్దున్నే అసలు లేవకపోతే పీడా పోతుందనిపిస్తోంది."

తెరడాక్టరు గొంతు మారిపోయింది. "మీరు ఇటు తిరగక్కర్లేదు. అలాగే నిలబడి చెప్పండి. నాకేం తొందర లేదు."

ఎండలో, గేటు పట్టుకుని, ఆ మనిషి దాచుకున్నదంతా కక్కాడు. పెద్దమ్మ చేతులు లాగేస్తున్నా ట్యాబు దించలేదు. ఈయన గేటుదాకా ఎందుకొస్తాడో ఆమెకప్పుడు తెలిసింది. గదిలో చెప్పేది డాక్టరు కోసం, గడపదాటేటప్పుడు చెప్పేదే అసలు మాట.

అన్నకు ఫోను వెళ్ళింది. ఆయన వచ్చేదాకా దర్జీని కదలనివ్వద్దన్నాడు డాక్టరు. ఊరికే ఉంటే పెద్దమ్మ ఎందుకవుతుంది?

"తాళం తియ్యడం కష్టమా నాయనా? నాకు వెయ్యడమే కష్టం. మా ఇంటాయన ఉన్నన్నాళ్ళూ నేను డ్యూటీకి బయల్దేరితే, వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడేవాడు. పొయ్యిమీద పాలు పొంగుతాయి లోపలికి పోవయ్యా అని తిట్టేదాన్ని. ఇప్పుడు తాళంవేసి వెనక్కి చూడకుండా వస్తున్నా. చూడ్డానికేముంది, తాళమేగా! అయినా వస్తున్నానా, లేదా?"

దర్జీ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. చేతిలో డాక్టరున్న సంగతే ఆమె మరిచిపోయింది.

దర్జీకి మందు మార్చారు, అన్న ఇంటికి మకాం మార్చారు. కొన్నాళ్ళకు వచ్చినప్పుడు, ట్యాబుకు కుట్టిన సంచీ తెచ్చిచ్చాడు, మెడలో తగిలించుకోవడానికి పట్టీతో సహా. కొట్టు తీశాడన్నమాట. "కొలతలు తియ్యకుండానే డాక్టరుకు చొక్కా కుట్టేశావే!" అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం పేషెంట్లందరూ వెళ్ళిపోయారు. ట్యాబు కట్టేద్దామని పెద్దమ్మ మూలగదిలోకి వెళ్ళింది.

"పెద్దమ్మగారూ, నన్ను గేటు పక్క గోడమీద పెట్టండి."

"ఇంకెవరున్నారు? అందరూ పోయారుగా."

"మీరున్నారుగా. డ్యూటీ అయిపోయింది, ఇంటికెళ్ళండి. మిమ్మల్నీ సాగనంపుతా."

"నాకేం పిచ్చా?"

"పిచ్చుంటేనే సాగనంపుతారా ఏమిటండీ?"

"మరి మిమ్మల్ని లోపల పెట్టేదెవరు?"

"వాచ్‌మన్‌కు చెప్పా."

గొణుక్కుంటూనే మోసుకొచ్చి గోడమీద ఆనించింది. కొంగు సర్దుకుంది. ఎదురుగా వీధి, వీధి చివర మలుపు. ఎందుకో ట్యాబుమీంచి చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

"మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూడండి పెద్దమ్మగారూ. నేనిక్కడే ఉంటా," అన్నాడు తెరడాక్టరు. "ముందు ఆ బొటనవేలు తియ్యండి. మీరు వెళ్ళడం నాకు కనబడాలిగా!"