రెండో విస్తరి

మా నాయన తద్దినం ఈసారి కందకుర్తిలో పెట్టాను. రిటైరయ్యాక చేతినిండా తీరికే కదా, గోదావరి, మంజీర కలిసేచోట నీళ్లలో నిలబడి పెడదామని కోరిక పుట్టింది. మా ఊరి పంతులు ఎన్నడూ అడగలేదు గానీ, అక్కడి పంతులు మూడు తరాల పేర్లు అడిగాడు. నాయన పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను. ముత్తాత పేరు తెలియదు. "తెలవకపోతే దేవుని పేరు చెప్పుకోరాదుండ్రి" అన్నాడాయన సులువుగా. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. బోధన్‌లో ఎక్కినవాడు తను ఎక్కడ దిగాలో మరిచినా నేను మరిచేవాణ్ణి కాదు. అలాంటిది సొంత ముత్తాత పేరు తెలియకపోవడమేమిటి?

అడగడానికి ఒక్క మనిషే మిగిలింది, ధర్పల్లిలో ఉండే మా మేనత్త. మా నాయనకు అక్క. వారం తిరక్కముందే పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నది. ముత్తాత పేరు ఇట్టే చెప్పేసింది. ఆ పేరు ఆమె పెద్దన్నకు పెట్టారట, అందుకని ఎరుకట. నేను సంబరంగా కాగితం మీద రాసుకుని, వరుసగా చదివి వినిపించాను. నాయన, ఆయన పైన తాత, అంటే నాయన "మా బాపు" అనే ఆయన, ఆయన పైన ముత్తాత.

ఆమె చెయ్యి ఆగింది.

"బాపు నీకు తాత ఎట్లయితడురా? ఆయన మా బాపు. నీ తాత మా కాక గద."

వయసు మీద పడి తికమక పడుతోందనుకున్నాను. మా నాయన ఎప్పుడు కబుర్లు చెప్పినా అందులో ఇద్దరే ఉండేవారు. "మా బాపు" అని ఒకరు, "మా కాక" అని ఒకరు. బాపు అంటే తండ్రి, కాక అంటే తండ్రి తమ్ముడు. ఇందులో తప్పు పట్టడానికేముంది? ఆ కాకకు పిల్లలు లేరని కూడా నేనే అనుకున్నాను. ఎవరూ నాకు చెప్పలేదు.

"మరి మా నాయన ఆయనను కాక అనెటోడు గదా అత్తమ్మా?"

"మేమందరం గట్లనే అన్నం. పెద్దపిల్లలం ఏమంటే చిన్నపిల్లలు గదే అంటరు. మీ నాయనకు ఏడేండ్లప్పుడు కాక చెరుకు బండి బోల్తాపడి పోయిండు. తల్లి అప్పటికే లేదు. మా బాపే సాదిండు. ఇగ కాకను నాయనా అని ఎప్పుడు పిలువాలె?"

"అయితే నువ్వు మా నాయనకు సొంత అక్కవు కావా?"

"కాకపోతే ఏమైతది? సంకనేసుకొని తిప్పిన" అంది, నావైపు కూడా చూడకుండా.

ముత్తాత కోసం వచ్చి ఉన్న తాతను పోగొట్టుకున్నాను. పోనీ ఈ సంగతి నాకు తట్టనైనా తట్టాలి కదా! మా అన్న పిల్లల నోరు చూసి నా బిడ్డ తన కన్నతల్లినే చాలా ఏళ్లు "చిన్నమ్మ" అని పిలిచింది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. నేనూ నవ్వాను.

కాక పేరేమిటని అడిగాను. "పెద్దోళ్ల పేర్లు మేం నోట్లెకెల్లి తీసినమా?" అని అత్తమ్మ మళ్లీ పసుపు ఏరుకోసాగింది.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టె దింపాను. అందులో నాయన పేరుతో పాత భూమి కాగితం ఉంది, ఉర్దూలో. నిజామాబాద్‌లో మా వీధి చివర ఉండే ముసలి ఉర్దూ సారు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్లజోడు పైకి తోసి, ఒక మాట మీద వేలు పెట్టాడు. "ఇది వల్ద్. అంటే ఫలానా ఆయన కొడుకు" అన్నాడు. దాని తర్వాత ఉన్నది బాపు పేరు.

"గిదే మీ తాత పేరు, పక్కా" అన్నాడు సారు.

పెంచినవాడు కాబట్టి బాపే తండ్రిగా తన పేరు రాయించి ఉండొచ్చు. అత్తమ్మ పొరపాటు పడి ఉండొచ్చు. ఒకరోజు బాపు మా తాత అయ్యేవాడు, మరుసటి రోజు కాక అయ్యేవాడు. ఈ వయసులో ఇదేం గొడవ అని మా ఆవిడ విసుక్కుంది. ఆమె విసుగు న్యాయమే. అయినా నాకు అన్నం సహించలేదు.

పెత్రమాస వచ్చింది. పెద్దల పేరున పంతులుకు బియ్యం, కూరగాయలు విస్తరిలో పెట్టి ఇచ్చే రోజు. విస్తరాకులు ఎన్ని తేవాలని మా ఆవిడ అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది.

బోధన్‌లో మా చిన్నప్పుడు నాయన రెండు విస్తర్లు ఇచ్చేవాడు. మొదటిది బాపుకు. అందులో బియ్యం అమ్మ పోసేది. రెండోది కాకకు. అందులో మాత్రం తన చేత్తోనే పోసేవాడు, పక్కన ఒక బెల్లం ముక్క కూడా పెట్టేవాడు. చెరుకు ఫ్యాక్టరీ కాంటా దగ్గర పని చేసి గరుకెక్కిన ఆ చేతులతో బియ్యాన్ని సాపు చేసి, పంతులుకు ఒక పేరు చెప్పేవాడు.

నాయన పోయాక, పిల్లల్లేని కాకకు నాయన పెట్టాడు సరే, మనమెందుకు ఇవ్వాలని రెండో విస్తరి నేనే మానేశాను. పదకొండేళ్లయింది. ఎవరూ మానెయ్యమనలేదు, నా సొంత తెలివే. ఆ పేరు ప్రతి ఏడూ పక్కన నిలబడి విన్నాను. ఎంత గింజుకున్నా ఇప్పుడు రావడం లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఈ ఏడు మూడు విస్తర్లు పెట్టాను. నాయనకు ఒకటి, బాపుకు ఒకటి. మూడోదాంట్లో బియ్యం నా చేత్తోనే పోసి, పక్కన బెల్లం ముక్క పెట్టాను.

"ఇది ఎవరికి?" అన్నాడు పంతులు.

"మా నాయనకు నాయన."

"పేరు?"

"కాక."

"అది పేరు గాదు గదా, వరస."

"కన్నకొడుకు గూడ ఆయనను గట్లనే పిలిచిండు అయ్యగారూ. గదే చెప్పుండ్రి."